రెవిట్ యాడ్-ఇన్ బిల్డ్ కాకపోతే ముందు ఏ ఎర్రర్ చదవాలి?

భవనాల డిజైన్‌కి వాడే ఆటోడెస్క్ సాఫ్ట్‌వేర్ రెవిట్‌కి చిన్న యాడ్-ఇన్ (దానికి మనం జోడించుకునే ప్రోగ్రామ్) రాసుకుందామని కూర్చున్న సివిల్ ఇంజనీర్లు, ఆర్కిటెక్ట్‌లు చాలామంది ఆగిపోయేది కోడ్ రాయడం దగ్గర కాదు, బిల్డ్ కొట్టాక, అంటే రాసిన కోడ్‌ని నడిచే ఫైల్‌గా మార్చమన్నాక, వచ్చే ఎర్రర్ల దగ్గర. గోడల పొడవులు తీసి ఎక్సెల్‌కి పంపాలి, షీట్ల నంబర్లన్నీ ఒకేసారి మార్చాలి, ఇలాంటి పనులకి కావాల్సిన సీ షార్ప్ అంత పెద్దదేం కాదు, పట్టుదలగా కూర్చుంటే వచ్చేస్తుంది. కానీ బిల్డ్ కొట్టగానే చాంతాడంత ఎర్రర్ లిస్టు కనపడేసరికి "ఇది మన వల్ల అయ్యే పని కాదు" అని ప్రాజెక్ట్ మూసేస్తారు. అలా మూసేసినవాళ్లని చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది, ఎందుకంటే ఆ లిస్టులో గట్టిగా చదవాల్సింది చాలాసార్లు ఒక్క లైనే.

మామూలు ప్రోగ్రామ్ రాసేటప్పుడు ఎర్రర్ వస్తే తప్పు దాదాపు మన కోడ్‌లోనే ఉంటుంది. యాడ్-ఇన్ సంగతి వేరు. అది సొంతంగా నడవదు, రెవిట్ దాన్ని తనలోకి లోడ్ చేసుకుని నడిపిస్తుంది. కాబట్టి మనం రాసే ప్రతి వాల్, ప్రతి డాక్యుమెంట్, ప్రతి ఎలిమెంట్‌ఐడీ ఆటోడెస్క్ వాళ్లు ఇచ్చిన రెండు డీఎల్ఎల్ (ముందే కంపైల్ చేసిన కోడ్ లైబ్రరీ) ఫైళ్లలో ఉన్నదానితో సరిపోవాలి: రెవిట్‌ఏపీఐ ఒకటి, రెవిట్‌ఏపీఐయూఐ రెండోది. ఈ రెండూ రెవిట్ ఇన్‌స్టాల్ అయిన ఫోల్డర్లోనే ఉంటాయి, ఏటా కొత్త వెర్షన్‌తో పాటు మారిపోతుంటాయి. యాడ్-ఇన్‌లో కనపడే ఎర్రర్లలో చాలావాటికి మూలం మనం రాసిన లాజిక్‌లో ఉండదు, మన ప్రాజెక్ట్‌కీ ఆ రెండు ఫైళ్లకీ మధ్య ఎక్కడో పొత్తు కుదరకపోవడంలో ఉంటుంది. ఈ ఒక్క సంగతి మనసులో పెట్టుకుని లిస్టు చూస్తే సగం టెన్షన్ తగ్గుతుంది.

ముందు ఎర్రర్ నంబర్ మొదట్లో ఉన్న అక్షరాలు చూడండి. సీఎస్ అని ఉంటే మాట్లాడుతున్నది సీ షార్ప్ కంపైలర్, మన కోడ్‌లో తనకి అర్థం కానిది ఏదో చెబుతోంది. ఎంఎస్‌బీ అని ఉంటే మాట్లాడుతున్నది ఎంఎస్‌బిల్డ్, అంటే ఫైళ్లు వెతికి పెట్టడం, కంపైలర్‌ని పిలవడం, తయారైన డీఎల్ఎల్‌ని చోటుకి కాపీ చేయడం లాంటి పనులు చూసేది. ఎంఎస్‌బీ ఎర్రర్ వచ్చినప్పుడు కోడ్ తెరిచి సెమీకోలన్లు వెతకడం దండగ, అక్కడ పని ప్రాజెక్ట్ సెట్టింగ్స్‌తోనో ఫోల్డర్లతోనో ఉంటుంది.

మా ఆఫీసులో కొత్తగా చేరిన తమ్ముడొకడు వచ్చి "అక్కా, కోడ్‌లో ఒక్క అక్షరం కూడా మార్చలేదు, సీనియర్ మెషీన్‌లో బిల్డ్ అయిన ప్రాజెక్టే ఇది, నా దగ్గర వందకి పైగా ఎర్రర్లు వస్తున్నాయి" అన్నాడు. అన్నీ సీఎస్0246లే. ఆటోడెస్క్ అనే పేరు దొరకలేదు, వాల్ దొరకలేదు, డాక్యుమెంట్ దొరకలేదు, ఫిల్టర్డ్‌ఎలిమెంట్‌కలెక్టర్ దొరకలేదు, ప్రతిదాని చివరా "యూజింగ్ లైనో, అసెంబ్లీ రిఫరెన్సో మర్చిపోయారా?" అన్న ప్రశ్న. యూజింగ్ లైన్లు, అంటే ఏ లైబ్రరీ పేర్లు వాడతామో చెప్పేవి, ఫైల్ పైన చక్కగా ఉన్నాయి. ఎర్రర్ లిస్టులో వార్నింగ్స్ బటన్ ఆఫ్ చేసి ఉంది, దాన్ని ఆన్ చేస్తే అసలు విషయం బయటపడింది: ఎంఎస్‌బీ3245, రెవిట్‌ఏపీఐ అనే అసెంబ్లీ (అదే ఆ డీఎల్ఎల్) ఎక్కడుందో దొరకలేదు, ఇది మీ కోడ్‌కి అవసరమైతే కంపైల్ ఎర్రర్లు రావచ్చు అని స్పష్టంగా రాసి ఉంది. సీనియర్ మెషీన్‌లో రెవిట్ 2023 ఫోల్డర్ ఉంది, వీడి మెషీన్‌లో 2024 మాత్రమే ఉంది. ప్రాజెక్ట్ ఫైల్లో హింట్‌పాత్ అనే చోట ఆ పాత ఫోల్డర్ దారి అలాగే ఉండిపోయింది. పాత రిఫరెన్స్ తీసేసి, బ్రౌజ్ చేసి 2024 ఫోల్డర్లోని ఫైళ్లు ఇవ్వగానే ఆ వందా మాయమయ్యాయి.

గమనించారా, కారణం వార్నింగ్‌గా వచ్చింది, దాని ఫలితాలు ఎర్రర్లుగా వచ్చాయి. మనం ఎర్రటి గుర్తులే చూస్తాం కాబట్టి పసుపు గుర్తుతో వచ్చిన అసలు కబురు కంట పడదు. అందుకే కోడ్ రాసి బిల్డ్ చేసే విజువల్ స్టూడియోలో నేను ఎర్రర్ లిస్టు కన్నా అవుట్‌పుట్ విండోని ఎక్కువ నమ్ముతాను. అక్కడ అన్నీ జరిగిన వరసలోనే ఉంటాయి, పైనుంచి చదువుకుంటూ వస్తే మొదట ఏది తప్పిందో తెలుస్తుంది. ఎర్రర్ లిస్టే చూస్తానంటే కనీసం "బిల్డ్ + ఇంటెలిసెన్స్" అని ఉన్నచోట "బిల్డ్ ఓన్లీ" పెట్టుకోండి, లేకపోతే ఎడిటర్ తనంతట తాను ఊహించుకున్నవీ నిజంగా బిల్డ్‌లో వచ్చినవీ కలగలిసి కనపడతాయి.

ఇక్కడే ఇంకో ప్రమాదం. సీఎస్0246 మీద కర్సర్ పెడితే విజువల్ స్టూడియో ఒక బల్బు గుర్తు చూపిస్తుంది, నొక్కితే వాల్ అనే క్లాస్ తయారుచేసి పెట్టనా అని అడుగుతుంది. కంగారులో సరే అన్నామంటే వాల్ అనే పేరుతో మన ప్రాజెక్ట్‌లోనే ఒక ఖాళీ క్లాస్ పుడుతుంది. ఆ ఎర్రర్ పోతుంది, దాని బదులు "వాల్‌లో ఫలానా ప్రాపర్టీ లేదు" అంటూ సీఎస్1061 మొదలవుతుంది. ఇక రిఫరెన్స్ సరిచేసినా కూడా ఆ ఖాళీ వాల్ అడ్డుపడుతూనే ఉంటుంది. టైప్ రెవిట్‌ది అయితే ఆ బల్బు జోలికి పోవద్దు.

రిఫరెన్స్ ఇచ్చేటప్పుడే కాపీ లోకల్ అనే సెట్టింగ్‌ని ఫాల్స్ చేయండి. రెవిట్ దగ్గర ఆ డీఎల్ఎల్‌లు ఎలాగూ ఉన్నాయి, మన ఫోల్డర్లో ఇంకో కాపీ పెట్టడం తర్వాత గొడవలకి దారి తీస్తుంది.

పేర్ల తగాదా ఇంకో రకం. రెవిట్ ఏపీఐలో పేర్లన్నీ మామూలు పదాలు: వ్యూ, గ్రిడ్, లైన్, కలర్, అప్లికేషన్, డాక్యుమెంట్. ఇవే పేర్లు విండోలు, బటన్లు చూపించే మైక్రోసాఫ్ట్ లైబ్రరీలైన విండోస్ ఫార్మ్స్‌లోనూ డబ్ల్యూపీఎఫ్‌లోనూ డ్రాయింగ్ లైబ్రరీలోనూ అక్కడక్కడా ఉన్నాయి. రెండు యూజింగ్ లైన్లు ఒకే ఫైల్లో పడితే కంపైలర్ సీఎస్0104 ఇస్తుంది, ఈ పేరు ఇక్కడా ఉంది అక్కడా ఉంది, మీకు ఏది కావాలి అని. ఇది మంచి ఎర్రర్, ఎందుకంటే రెండు పూర్తి పేర్లూ మెసేజ్‌లోనే రాసి ఇస్తుంది. కావాల్సినదాన్ని ఎంచుకుని ఫైల్ పైన ఒక అలియాస్ (మారుపేరు) పెట్టుకుంటే అయిపోతుంది.

వీటిలో టాస్క్‌డైలాగ్ కథ చెప్పుకోదగ్గది. రెవిట్‌లో చిన్న మెసేజ్ బాక్స్ చూపించడానికి మొదటి రోజు నుంచీ అందరం వాడేది టాస్క్‌డైలాగే, ఏ ట్యుటోరియల్ తీసినా మొదటి ఉదాహరణ అదే. పాత డాట్‌నెట్ ఫ్రేమ్‌వర్క్ (సీ షార్ప్ ప్రోగ్రామ్‌లు నడిచే వేదిక) లోని విండోస్ ఫార్మ్స్‌లో ఆ పేరుతో ఏమీ లేదు, అందుకే ఏళ్ల తరబడి ఇబ్బంది రాలేదు. డాట్‌నెట్ 5లో మైక్రోసాఫ్ట్ వాళ్లు విండోస్ ఫార్మ్స్‌లోకి కూడా టాస్క్‌డైలాగ్ అనే క్లాస్ తెచ్చారు. రెవిట్ 2025 డాట్‌నెట్ 8కి మారింది. దాంతో ఎన్నో ఏళ్లు నడిచిన కోడ్‌ని 2025 కోసం బిల్డ్ చేస్తే విండోస్ ఫార్మ్స్ యూజింగ్ కూడా ఉన్న ఫైళ్లలో ఎక్కడెక్కడ టాస్క్‌డైలాగ్ ఉందో అక్కడల్లా సీఎస్0104. పైగా కొత్త తరహా ప్రాజెక్ట్ ఫైల్లో ఇంప్లిసిట్ యూజింగ్స్ ఆన్ చేసి, విండోస్ ఫార్మ్స్ వాడతానని రాస్తే, ఆ నేమ్‌స్పేస్ (పేర్ల గుంపు) మనం రాయకుండానే ప్రతి ఫైల్లోకి వచ్చి కూర్చుంటుంది. ఫైల్ పైన ఎంత వెతికినా ఆ యూజింగ్ లైన్ కనపడదు, ఎర్రర్ మాత్రం ఉంటుంది. ఇంప్లిసిట్ యూజింగ్స్‌ని యాడ్-ఇన్ ప్రాజెక్ట్‌లో ఆఫ్ చేయడమే మేలని నా అభిప్రాయం. నాలుగు లైన్లు ఎక్కువ రాసుకుంటే పోయేదేం లేదు, ఏ పేరు ఎక్కడినుంచి వచ్చిందో కళ్లముందు ఉంటుంది.

దీనికి దగ్గర చుట్టం సీఎస్0118. ప్రాజెక్ట్‌లో ఫైళ్లు సర్దుకుందామని డాక్యుమెంట్ అనే పేరుతో ఒక ఫోల్డర్ పెడతాం. అందులో కొత్త క్లాస్ యాడ్ చేయగానే విజువల్ స్టూడియో ఫోల్డర్ పేరునే నేమ్‌స్పేస్ చివర తగిలిస్తుంది. ఇక అప్పటినుంచి మన కోడ్‌లో డాక్యుమెంట్ అని ఎక్కడ రాసినా "అది నేమ్‌స్పేస్, మీరు టైప్‌లా వాడుతున్నారు" అని వస్తుంది. కంపైలర్ దగ్గరలో ఉన్న పేరునే ముందు పట్టుకుంటుంది, యూజింగ్ లైన్ల దాకా పోదు. ఫోల్డర్ పేరు మార్చి నేమ్‌స్పేస్ సరిచేస్తే సరి. రెవిట్ వాడే పేర్లు మన ఫోల్డర్లకీ క్లాసులకీ పెట్టకపోవడం ఇంకా మంచిది.

మొదటిసారి రాసేవాళ్లకి తప్పకుండా తగిలేది సీఎస్0535. మన కమాండ్ క్లాస్ ఐఎక్స్‌టర్నల్‌కమాండ్ అనే ఇంటర్‌ఫేస్‌ని అమలు చేస్తున్నట్టు రాస్తాం, అందులో ఎగ్జిక్యూట్ మెథడ్ రాస్తాం, అయినా "ఎగ్జిక్యూట్ అమలు చేయలేదు" అంటుంది. ఉంది కదా అనిపిస్తుంది. ఎర్రర్‌లో బ్రాకెట్ల మధ్య ఉన్నది అక్షరం అక్షరం చదవండి: ఎక్స్‌టర్నల్‌కమాండ్‌డేటా, తర్వాత రెఫ్ స్ట్రింగ్, తర్వాత ఎలిమెంట్‌సెట్. ఆ మధ్యలోని రెఫ్ లేకపోతే కంపైలర్ దృష్టిలో అది పూర్తిగా వేరే మెథడ్. రిటర్న్ టైప్ రిజల్ట్ బదులు వాయిడ్ రాస్తే వచ్చేది సీఎస్0738, అదీ ఇలాంటిదే. ఈ ఎర్రర్లలో జవాబు మెసేజ్ లోపలే ఉంటుంది, మొత్తం చదివే ఓపిక ఉంటే చాలు.

ఇప్పుడు అసలు తలనొప్పి, వెర్షన్లు. రెవిట్ ఫైల్‌ని ఒకసారి కొత్త వెర్షన్‌లో సేవ్ చేస్తే మళ్లీ పాతదాంట్లో తెరవలేం, అందుకే ప్రాజెక్ట్ మొదలైన వెర్షన్‌లోనే చివరిదాకా నడుపుతారు. హైదరాబాద్‌లో బయటి దేశాల క్లయింట్లకి బిమ్ (భవనాల డిజిటల్ మోడలింగ్) పని చేసే ఆఫీసుల్లో ఒకే మెషీన్ మీద మూడు నాలుగు రెవిట్ వెర్షన్లు ఉండటం మామూలే. యాడ్-ఇన్ రాసేవాళ్లు కూడా ఒకే కోడ్‌ని అన్నిటికీ బిల్డ్ చేయాలి.

యూనిట్ల సంగతి తీసుకోండి. రెవిట్ లోపల పొడవులన్నీ అడుగుల్లోనే దాచుకుంటుంది, మిల్లీమీటర్లు కావాలంటే మనం మార్చుకోవాలి. దానికి ముందు డిస్‌ప్లేయూనిట్‌టైప్ అనే ఈనమ్ (పేర్లు పెట్టిన విలువల జాబితా) వాడేవాళ్లం. 2021లో దాన్ని వదిలేయమని చెప్పారు, 2022లో తీసేశారు. 2021 కోసం బిల్డ్ చేసినప్పుడు ఎర్రర్ రాలేదు, సీఎస్0618 అనే వార్నింగ్ వచ్చింది, దాంట్లోనే ఇది ముందుముందు తీసేయవచ్చు, బదులుగా ఫోర్జ్‌టైప్‌ఐడీ వాడండి, విలువలకి యూనిట్‌టైప్‌ఐడీ చూడండి అని రాసిచ్చారు. బిల్డ్ సక్సీడెడ్ అని కనపడింది కదా అని దాన్ని చదవనివాళ్లకి మరుసటి ఏడాది సీఎస్0103 వచ్చింది, ఈ పేరు ఇక్కడ లేనే లేదు అని. ఆ ఎర్రర్‌లో బదులుగా ఏం వాడాలో ఒక్క ముక్క లేదు. సలహా ఇచ్చే మెసేజ్ వార్నింగ్‌గా ఉన్న ఏడాదే కనపడుతుంది, మాయమయ్యాక కంపైలర్‌కి దాని ఊసే తెలియదు. అందుకే కొత్త వెర్షన్‌కి మారినప్పుడల్లా సీఎస్0618లన్నీ ఒక ఫైల్లోకి కాపీ చేసి పెట్టుకోవడం నాకు అలవాటు. యూనిట్‌టైప్‌ఐడీ వెతికే ఓపిక లేక కొంతమంది 304.8తో గుణించి ముందుకు పోయారు. పొడవు వరకూ అది సరైనదే. అదే లైన్ కాపీ చేసి విస్తీర్ణానికి కూడా వాడితే లెక్క తప్పుతుంది, అక్కడ రెండుసార్లు గుణించాలి. కంపైలర్‌కి రెండూ సమ్మతమే, డబుల్‌ని డబుల్‌తో గుణిస్తే అభ్యంతరం ఏముంటుంది?

ఇంకా సూక్ష్మమైనది ఎలిమెంట్‌ఐడీ. రెవిట్ 2024లో అది 32 బిట్ల నుంచి 64 బిట్లకి పెరిగింది. ఇంటీజర్‌వాల్యూ బదులు వాల్యూ వాడమన్నారు, అది లాంగ్ ఇస్తుంది. పాత కోడ్‌లో ఇంట్ వేరియబుల్‌లోకి దాన్ని తీసుకుంటే సీఎస్0266: లాంగ్‌ని ఇంట్‌లోకి దానంతట అది మార్చలేను, కాస్ట్ (టైప్ మార్పు) మర్చిపోయారా? ఆ ప్రశ్న చూసి ముందు ఇంట్ అని బ్రాకెట్లో పెట్టేస్తే ఎర్రర్ వెంటనే పోతుంది. కానీ ఐడీ సుమారు 214 కోట్లు దాటిందంటే పైబిట్లు చప్పుడు చేయకుండా తెగిపోయి వేరే నంబర్ చేతికొస్తుంది. ఎక్కడా ఎక్సెప్షన్ రాదు, తప్పుడు ఎలిమెంట్ మీద పని జరగొచ్చు, లేదా ఎలిమెంట్ లేదనొచ్చు. ఇక్కడ కంపైలర్ అడిగింది వ్యాకరణం ప్రకారం ఏం చేస్తే దాటొచ్చో. మనకి ఏది మంచిదో దానికి తెలియదు. చేయాల్సింది వేరియబుల్‌ని లాంగ్ చేయడం, అది పోయి తగిలే మెథడ్లూ డిక్షనరీలూ డేటాబేస్ కాలమ్‌లూ అన్నీ మార్చడం. ఒక చోట మారిస్తే ఇంకో పదిచోట్ల ఎర్రర్లు లేస్తాయి, లేవనివ్వండి, కంపైలర్ మనకోసం ఆ ఐడీ ఎక్కడెక్కడికి పోతోందో జాబితా రాసి ఇస్తోంది.

2025తో వచ్చింది ఇంకా పెద్ద మార్పు. 2021 నుంచి 2024 దాకా రెవిట్ డాట్‌నెట్ ఫ్రేమ్‌వర్క్ 4.8 మీద ఉండేది, 2025లో డాట్‌నెట్ 8కి మారింది. ప్రాజెక్ట్‌ని పాతదాని మీదే ఉంచి రిఫరెన్స్ మాత్రం 2025 ఫోల్డర్‌కి తిప్పితే సీఎస్1705, సీఎస్0012 లాంటివి వస్తాయి: రెవిట్‌ఏపీఐ అడుగుతున్న సిస్టమ్.రన్‌టైమ్ మీ దగ్గరున్నదానికన్నా పై వెర్షన్ అని. వాటిని చూసి, లైబ్రరీ ప్యాకేజీలు దొరికే నూగెట్‌లో సిస్టమ్.రన్‌టైమ్ ప్యాకేజీ కోసం వెతకడం మొదలుపెడితే ఆ రోజంతా పోతుంది. ప్రాజెక్ట్ ఫైల్లో టార్గెట్ ఫ్రేమ్‌వర్క్‌ని విండోస్ కోసం ఉన్న నెట్8.0కి మార్చాలి, విజువల్ స్టూడియో 2022లో 17.8 లేదా ఆపై వెర్షన్ ఉండాలి, అంతే. పాత వెర్షన్లూ 2025 రెండూ కావాలంటే రెండు టార్గెట్లూ రాసి, తేడా ఉన్నచోట హ్యాష్ ఇఫ్ (ఏ టార్గెట్‌కి ఏ కోడ్ వెళ్లాలో చెప్పే గుర్తు) పెట్టుకోవచ్చు.

ఎంఎస్‌బీ వాటిలో రోజూ పలకరించేవి రెండు. రెవిట్ తెరిచి ఉండగా బిల్డ్ కొడితే ఎంఎస్‌బీ3027, దాని వెనకే ఎంఎస్‌బీ3021: ఫైల్ రెవిట్ చేతిలో ఉంది, కాపీ చేయలేను. రెవిట్ మూసి మళ్లీ కొట్టండి. మాటిమాటికీ మూయడం విసుగైతే రెవిట్ ఎస్‌డీకేలో (ఆటోడెస్క్ ఇచ్చే డెవలపర్ కిట్) యాడ్-ఇన్ మేనేజర్ ఉంది, చిన్న కమాండ్లు పరీక్షించడానికి చక్కగా పనికొస్తుంది. రెండోది ఎంఎస్‌బీ3270 వార్నింగ్, ప్రాజెక్ట్ ఎనీ సీపీయూలో ఉంది, రెవిట్‌ఏపీఐ 64 బిట్ అని. ప్లాట్‌ఫామ్ టార్గెట్ ఎక్స్64 పెట్టేస్తే ఆ పసుపు గుర్తు పోయి, నిజంగా చదవాల్సిన వార్నింగులు కనపడతాయి.

ఒక్క విషయంలో మాత్రం నేను గట్టిగానే వాదిస్తాను. వెర్షన్ల మధ్య తేడాలు భరించలేక కొందరు వేరియబుల్స్‌ని డైనమిక్ అని ప్రకటించేస్తారు, అంటే టైప్ సరిపోయిందో లేదో నడిచేటప్పుడే చూసుకోమని కంపైలర్‌కి చెప్పేస్తారు. ఒక్క దెబ్బతో ఎర్రర్లన్నీ పోతాయి, ఒకే డీఎల్ఎల్ అన్ని వెర్షన్లకీ నడుస్తున్నట్టు అనిపిస్తుంది. నిజానికి ఎర్రర్ పోలేదు, మన మెషీన్ నుంచి వాడేవాళ్ల మెషీన్‌కి మారింది. రేపు డెలివరీ పెట్టుకుని రాత్రిపూట షీట్లు ప్రింట్ చేసుకునే డ్రాఫ్టర్‌కి ఆ ప్రాపర్టీ లేదని ఎక్సెప్షన్ వస్తే తనేం చేయగలడు? 2024 కోసం బిల్డ్ చేసిన డీఎల్ఎల్‌ని 2022లో పెట్టి నడపడం కూడా ఇలాంటిదే, కొత్త మెథడ్ పిలిచిన బటన్ నొక్కేదాకా అంతా బాగున్నట్టే ఉంటుంది, నొక్కగానే మిస్సింగ్‌మెథడ్‌ఎక్సెప్షన్. వెర్షన్‌కో బిల్డ్ చేయడం విసుగు పనే, నేను కాదనను. అయినా ఎర్రర్ రావాల్సినది నా స్క్రీన్ మీద, వాళ్ల స్క్రీన్ మీద కాదు.

ఎవరినైనా సాయం అడగాలంటే ఎర్రర్ లిస్టు ఫోటో తీసి పంపకండి, సగం మెసేజ్ కాలమ్‌లో దాగిపోతుంది. అవుట్‌పుట్ విండోలో మొదటి వార్నింగ్ నుంచి మొదటి రెండు మూడు ఎర్రర్ల దాకా టెక్స్ట్‌గా కాపీ చేయండి, రెవిట్ వెర్షన్ రాయండి, ప్రాజెక్ట్ ఫైల్లో టార్గెట్ ఫ్రేమ్‌వర్క్ లైన్, రెండు రిఫరెన్సుల హింట్‌పాత్‌లు కూడా పెట్టండి. క్లయింట్ పేరు ఫోల్డర్ దారిలో ఉంటే అది తీసేసి పంపండి. ఇంతవరకూ ఉంటే చూసినవాళ్లు తిరిగి ప్రశ్నలు అడగకుండానే జవాబు చెప్పగలుగుతారు.